సెంట్రల్ లైన్ డ్రెస్సింగ్ ఎన్నాళ్లకు మార్చాలి? అంచు లేస్తే టేపు వేస్తే సరిపోతుందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఐసీయూలో కొత్తగా చేరారు. మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి వేసే క్యాథెటర్ అనే సన్నని గొట్టం) ఉన్న రోగికి డ్రెస్సింగ్ రోజూ మార్చాలని ఒక సీనియర్ అంటున్నారు, ఏడు రోజుల దాకా దాని జోలికి వెళ్లవద్దని ఇంకొకరు అంటున్నారు. అంచు కాస్త లేస్తే పైన టేపు అంటించవచ్చా, సైట్ (గొట్టం చర్మంలోకి దిగే చోటు) మీద యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాయాలా, డ్రెస్సింగ్ కింద ఎర్రగా కనిపిస్తే ఇన్ఫెక్షన్ వచ్చినట్టేనా అని కూడా అడిగారు. చాలా ఏళ్లు ఐసీయూలో పనిచేసి, ఆ తర్వాత ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగానికి మారినదాన్ని. ఈ వాదన నేను చూడని వార్డు లేదు.

ముందు సూటిగా జవాబులు. ట్రాన్స్‌పరెంట్ డ్రెస్సింగ్ (కింద చర్మం కనిపించే ఫిల్మ్) శుభ్రంగా, పొడిగా, నాలుగు వైపులా అతుక్కుని ఉంటే ఏడు రోజులకు ఒకసారి మార్చాలి. గాజ్ గుడ్డతో వేసినదైతే రెండు రోజులకు ఒకసారి. ట్రాన్స్‌పరెంట్ ఫిల్మ్ కింద చిన్న గాజ్ ముక్క పెట్టినా అది గాజ్ డ్రెస్సింగ్ కిందే లెక్క, రెండు రోజులే. వీటిలో ఏదైనా తడిసినా, ఊడినా, కింద రక్తమో చెమటో చేరినా గడువుతో పని లేదు, వెంటనే మార్చాలి. లేచిన అంచు మీద టేపు వేయడం మార్చడం కిందికి రాదు. ఆయింట్‌మెంట్ వద్దు. ఎర్రగా కనిపించినదంతా ఇన్ఫెక్షన్ కాదు, కానీ ఏది అవునో ఏది కాదో గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

నాది ఒకే మాట: డ్రెస్సింగ్ మీద రాసిన తేదీ కంటే దాని అంచు ముఖ్యం. తేదీ చూసి ఊరుకునే వార్డులో నాలుగో రోజున సగం ఊడిన డ్రెస్సింగ్ ఏడో రోజు దాకా అలాగే ఉండిపోతుంది. ఎవరినైనా అడిగితే “ఇంకా మూడు రోజులు ఉంది కదా” అంటారు.

రోజూ మార్చడం వల్ల నష్టమేమిటని మీ సీనియర్ అడగవచ్చు. ఆమె ఉద్దేశం మంచిదే, ఎక్కువ సార్లు శుభ్రం చేస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం సహజం. కానీ డ్రెస్సింగ్ తీసిన ప్రతిసారీ సైట్ గాలికి, మన చేతులకి, మన ఊపిరికి తెరుచుకుంటుంది. జిగురుతో పాటు చర్మం పై పొర కొంత లేచి వస్తుంది. నాలుగైదు రోజులు వరసగా ఇలా చేస్తే చర్మం ఎర్రబడి, చెమ్మ ఊరి, తర్వాత వేసిన ఏ డ్రెస్సింగూ అతుక్కోదు. అతుక్కోని డ్రెస్సింగ్ మళ్లీ మార్చాలి, అక్కడి నుంచి అదొక విషవలయం. ఫ్రాన్స్ ఐసీయూల్లో జరిగి 2009లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం మూడు రోజులకు మార్చడాన్ని, ఏడు రోజులకు మార్చడాన్ని పోల్చి చూసింది. ఏడు రోజులు ఉంచినంత మాత్రాన ఇన్ఫెక్షన్లు పెరగలేదు. అదే బృందం తర్వాత చూపించిన విషయం మీ ప్రశ్నకు ఇంకా దగ్గరది: డ్రెస్సింగ్ ఊడిపోయి మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చిన రోగుల్లోనే క్యాథెటర్ ఇన్ఫెక్షన్లు ఎక్కువ.

టేపు సంగతి. అంచు లేచిందంటే అప్పటికే కింద ఒక సందు ఏర్పడింది. చెమట, నోటి నుంచి కారిన తడి, చర్మం మీది బాక్టీరియా అందులోకి వెళ్లాయి. పైన టేపు వేస్తే వాటిని లోపల పెట్టి తలుపు మూసినట్టే. టేపు స్టెరైల్ కాదన్నది అలా ఉంచండి, ఆ చుట్ట ఎన్ని ట్రేల మీద, ఎన్ని జేబుల్లో తిరిగిందో ఎవరికీ తెలియదు. దీనికి తోడు టేపు వేసిన డ్రెస్సింగ్ చూడటానికి భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాతి షిఫ్టులో వచ్చినవారు దాన్ని పట్టించుకోరు. టేపు మీద టేపు వేసి నాలుగు పొరలైన డ్రెస్సింగులు నా రౌండ్లలో ఎన్నో చూశాను, తీసి చూస్తే అడుగున ఫిల్మ్ ముడుచుకుపోయి సైట్ బయటే ఉంటుంది. అంచు బయట వైపు కొంచెం లేచి, సైట్ వరకు దారి ఏర్పడకపోయినా మార్చాలా అని అడిగేవారు ఉంటారు. నేనైతే మారుస్తాను. ఇప్పుడు కొంచెం లేచినది రాత్రి రోగిని పక్కకు తిప్పేసరికి సైట్ దాకా వస్తుంది.

సూక్ష్మజీవులు ఎక్కడి నుంచి వస్తాయి

ఇది తెలిస్తే మిగతా నియమాలను బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ముఖ్యంగా రెండు దారులు. మొదటిది బయటి దారి: సైట్ చుట్టూ ఉన్న చర్మం మీది సూక్ష్మజీవులు క్యాథెటర్ బయటి గోడ వెంబడి లోపలికి పాకుతాయి. రెండోది లోపలి దారి: మనం మందులు ఎక్కించే హబ్ (గొట్టం బయటి కొస) నుంచి ల్యూమెన్ (గొట్టంలోని దారి) లోపలి గోడ వెంబడి వెళ్తాయి. లైన్ వేసిన మొదటి వారం పది రోజుల్లో వచ్చే ఇన్ఫెక్షన్లలో మొదటి దారి పాత్ర ఎక్కువ, ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ, ఎక్కువ సార్లు వాడేకొద్దీ రెండో దారి పాత్ర పెరుగుతుంది. మరోచోట ఉన్న ఇన్ఫెక్షన్ రక్తం ద్వారా వచ్చి క్యాథెటర్ మీద కూర్చోవడం, ఎక్కించే ద్రవమే కలుషితమై ఉండటం కూడా జరుగుతాయి గానీ అవి తక్కువ.

ఏ దారిన వచ్చినా ఒకసారి ప్లాస్టిక్ మీద చేరాక అవి జిగట పొర కట్టుకుంటాయి, దాన్నే బయోఫిల్మ్ అంటారు. ఏటి రాయి మీద నాచు పట్టినట్టు అది పట్టుకుంటుంది, యాంటీబయాటిక్ పైనుంచి వెళ్లిపోతుంది, అడుగున ఉన్నవి బతికే ఉంటాయి. అందుకే లైన్ ఇన్ఫెక్షన్ వచ్చాక చాలా సార్లు లైన్ తీసేయడం తప్ప దారి ఉండదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా, కాండిడా అనే శిలీంధ్రం వంటివైతే మరీను.

డ్రెస్సింగ్ కాపాడేది మొదటి దారిని మాత్రమే. ఇది గుర్తుంచుకోండి, హబ్ సంగతి మళ్లీ వస్తుంది.

మార్చే పద్ధతి: ఎక్కడ చెడుతుంది

మొత్తం విధానం మీ వార్డు ప్రోటోకాల్‌లో ఉంటుంది, అది మళ్లీ రాయను. చేతులు శుభ్రం చేసుకోవడం, మీకూ రోగికీ మాస్కు (వెంటిలేటర్ మీద ఉన్నా, మాస్కు పెట్టే వీల్లేకపోయినా తల అవతలి వైపుకు), మామూలు గ్లవ్స్‌తో పాతది తీయడం, ఆ గ్లవ్స్ తీసేసి మళ్లీ చేతులు శుభ్రం చేసుకుని స్టెరైల్ గ్లవ్స్ వేసుకోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. మధ్యలో చేతులు శుభ్రం చేసుకోవడాన్ని ఎగ్గొట్టడం మాత్రం చాలా మందిలో చూస్తాను. గ్లవ్స్ మార్చాం కదా అంటారు. గ్లవ్స్‌కు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, తీసేటప్పుడు వేళ్లకు అంటుతుంది. పాత డ్రెస్సింగ్ తాకిన చేతితోనే స్టెరైల్ ప్యాకెట్ విప్పితే ఆ స్టెరైల్ గ్లవ్స్‌కు అర్థం లేదు.

తీసేటప్పుడు పైకి లాగకండి. ఫిల్మ్ అంచును చర్మానికి సమాంతరంగా సాగదీస్తూ, అన్ని వైపుల నుంచి సైట్ వైపుకు కొద్దికొద్దిగా వదిలించండి. సైట్ నుంచి బయటికి లాగితే క్యాథెటర్ కూడా వెంట వస్తుంది. కత్తెర ఆ దరిదాపుల్లోకి రాకూడదు. తీయగానే మొదట చూడాల్సింది చర్మం దగ్గర క్యాథెటర్ మీద ఉన్న సెంటీమీటర్ల అంకె. లైన్ వేసిన రోజు రాసిన అంకెతో సరిపోవాలి. కొంచెం బయటికి జారి ఉంటే డాక్టర్‌కు చెప్పండి, బయటికి వచ్చిన భాగాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి నెట్టకండి. బయట ఉన్నంతసేపు అది స్టెరైల్ కాదు.

శుభ్రం చేయడానికి ఆల్కహాల్‌తో కలిసిన క్లోర్‌హెక్సిడిన్ మొదటి ఎంపిక. ఎక్కువ చోట్ల దొరికేది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్. ఆల్కహాల్ వెంటనే చంపుతుంది, క్లోర్‌హెక్సిడిన్ చర్మానికి పట్టుకుని గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. పోవిడోన్ అయోడిన్‌కు ఈ నిలిచి ఉండే గుణం అంతగా లేదు, అందుకే అది రెండో వరసలోకి వెళ్లింది. క్లోర్‌హెక్సిడిన్ పడనివారికి అదే శరణ్యం. ముప్పై సెకన్ల పాటు అటూ ఇటూ, పైకీ కిందికీ కాస్త ఒత్తిడితో రుద్దాలి. సైట్ నుంచి బయటికి గుండ్రంగా తిప్పుకుంటూ పోవాలని పాత పాఠాల్లో ఉండేది. క్లోర్‌హెక్సిడిన్ విషయంలో రాపిడి ముఖ్యం, ఎందుకంటే చర్మం మడతల్లో, పొరల్లో ఉన్నవాటి దగ్గరికి మందు చేరాలి. కుట్లు, క్యాథెటర్‌ను చర్మానికి కుట్టే రెక్కల కింది భాగం, క్యాథెటర్ బయటి గోడ కూడా శుభ్రం చేయండి. రెక్కల కింద ఎండిన రక్తపు చారలు ఎవరూ చూడని చోటు, నేను మొదట చూసే చోటు అదే.

ఇక అసలు విషయం. ఆరనివ్వండి. డ్రెస్సింగ్ పనిలో ఎక్కువగా చెడిపోయే మెట్టు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. క్లోర్‌హెక్సిడిన్ ఆల్కహాల్ కనీసం ముప్పై సెకన్లు, చర్మం తేమగా ఉంటే ఇంకా ఎక్కువ, పోవిడోన్ అయోడిన్ అయితే సుమారు రెండు నిమిషాలు. ఊదకూడదు, చేత్తో విసరకూడదు, గాజ్‌తో అద్దకూడదు. తడి మీదే ఫిల్మ్ వేస్తే మూడు నష్టాలు ఒకేసారి: మందు పూర్తిగా పనిచేయదు, జిగురు పట్టదు, ఫిల్మ్ కింద చిక్కుకున్న ఆల్కహాల్ చర్మాన్ని కాల్చినట్టు చేస్తుంది. ఆ చర్మం మర్నాటికి ఎర్రబడితే “క్లోర్‌హెక్సిడిన్ అలర్జీ” అని కేస్ షీటులో రాసేస్తారు, ఆ రోగికి మంచి మందు శాశ్వతంగా దూరమవుతుంది. ఇలా అలర్జీ ముద్ర పడిన కొందరికి, ఆరేదాకా ఆగి మళ్లీ అదే మందు చిన్న చోట వాడి చూస్తే ఏమీ కాలేదు. (ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం లాంటివి ఒక్కసారైనా వచ్చినవారితో ఈ పరీక్ష చేయకండి. క్లోర్‌హెక్సిడిన్‌తో ప్రాణాంతకమైన అలర్జీ అరుదే గానీ నిజంగానే వస్తుంది.) నెలలు నిండకుండా పుట్టిన శిశువుల చర్మం దీనికి కాలిపోవచ్చు, రెండు నెలల లోపు పిల్లల విషయంలో పిల్లల వార్డు ప్రోటోకాల్ తప్ప మన పెద్దల అలవాటు పనికిరాదు.

ఆ అర నిమిషం ఊరికే నిలబడటం కష్టంగా ఉంటుంది, చేతులు ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఆ సమయంలో సైట్‌ను కళ్లతో పరీక్షించండి, తాకకుండా.

ఫిల్మ్ వేసేటప్పుడు సాగదీయకండి. సాగదీసి అంటించిన ఫిల్మ్ వెనక్కి ముడుచుకుంటూ చర్మాన్ని లాగుతుంది, అంచుల వెంబడి నీటి బొబ్బలు వచ్చేది అందుకే. మధ్య భాగం సైట్ మీద పడేలా వదిలి, లోపలి నుంచి బయటికి వేళ్లతో నొక్కుకుంటూ రండి. క్యాథెటర్ బయటికి వచ్చే చోట ఫిల్మ్ గొట్టం మీదుగా గుడారంలా లేచి ఉంటుంది, అక్కడ రెండు వేళ్లతో గొట్టం చుట్టూ గిల్లినట్టు నొక్కి మూయాలి. నేను చూసిన ఊడిన డ్రెస్సింగుల్లో చాలా వాటికి అక్కడే మొదలు.

మెడ లైన్ల కష్టం వేరు

మీ రోగిది మెడ లైన్ కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ఛాతీ మీది సబ్‌క్లేవియన్ లైన్ డ్రెస్సింగ్ వేసి మరిచిపోవచ్చు, చదునైన చోటు. మెడ కదులుతూ ఉంటుంది, గడ్డం వెంట్రుకలుంటాయి, చెమట పడుతుంది, ట్రకియాస్టమీ (ఊపిరి కోసం గొంతుకు పెట్టిన రంధ్రం) ఉంటే స్రావాలు నేరుగా అక్కడికే వస్తాయి. వెంట్రుకలను క్లిప్పర్‌తో కత్తిరించండి, రేజర్ వాడకండి. రేజర్ గాట్లలో బాక్టీరియా పెరుగుతుంది. ఈ పని మందు పెట్టక ముందే చేయాలి.

చాలా మందికి తట్టని సంగతి తల ఉన్న తీరు. శుభ్రం చేయడానికి తలను పూర్తిగా అవతలికి తిప్పుతాం, మెడ చర్మం సాగి నున్నగా ఉంటుంది, అలాగే ఫిల్మ్ అంటిస్తాం. తల తిరిగి మామూలుగా రాగానే చర్మం ముడతలు పడుతుంది, ఫిల్మ్ కూడా ముడతలు పడుతుంది, ప్రతి ముడత ఒక సొరంగం. శుభ్రం చేసి ఆరాక, రోగికి మాస్కు ఉందని చూసుకుని, తలను దాదాపు నేరుగా తెచ్చాకే ఫిల్మ్ వేయండి. ఇద్దరు ఉంటే సులభం. చికాకుగా కదులుతున్న రోగి దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి, మధ్యలో చేయి అడ్డుపెడితే అంతా మొదటి నుంచి చేయాలి.

చర్మం తేమగా ఉండే రోగులకు ఆల్కహాల్ లేని స్కిన్ బ్యారియర్ ఫిల్మ్ బాగా పనిచేస్తుంది. యాంటిసెప్టిక్ ఆరాక దాన్ని అంచుల కింద వచ్చేలా చుట్టూ రాసి, అదీ ఆరాక డ్రెస్సింగ్ వేయాలి. సైట్ మీద, కొన్ని డ్రెస్సింగుల్లో ఉండే క్లోర్‌హెక్సిడిన్ జెల్ ఆనే చోట మాత్రం రాయకూడదు, రాస్తే జెల్ పని చర్మానికి అందదు. గొట్టాల బరువు డ్రెస్సింగ్ మీద పడకుండా విడిగా కట్టడం ఇంకో ఉపాయం. మూడు ల్యూమెన్లు, వాటికి స్టాప్‌కాక్‌లు, ఇన్ఫ్యూషన్ సెట్లు అన్నీ మెడ నుంచి వేలాడుతుంటే ఏ జిగురు ఆగుతుంది? అంచు పదేపదే లేస్తుంటే ముందు గొట్టాల బరువు ఎక్కడ పడుతోందో చూడండి, తర్వాత డ్రెస్సింగ్ కంపెనీని తిట్టుకోవచ్చు.

కొత్తగా వేసిన లైన్ నుంచి మొదటి రోజు రక్తం ఊరుతుంటే ఫిల్మ్ బదులు గాజ్ వేయడమే మేలు, ఊరడం ఆగాక ఫిల్మ్‌కు మారండి. ఊరుతున్న చోట ఫిల్మ్ వేస్తే కింద రక్తపు మడుగు కట్టి రెండు గంటల్లో మళ్లీ మార్చాలి. సైట్ చుట్టూ ఒక ఎండిన చుక్క కనిపించినంత మాత్రాన కంగారు పడి తీయనక్కర్లేదు. ఆ చుక్క అంచు వెంబడి గీత గీసి పెట్టి, పెరుగుతోందో లేదో తర్వాతి షిఫ్టులో చూడండి. తడిగా ఉన్నా, పెరిగినా మార్చాలి.

క్లోర్‌హెక్సిడిన్ కలిసిన డ్రెస్సింగులు మీ దగ్గర ఉంటే వాడండి. 2022లో సవరించిన అమెరికా సిఫార్సులు రెండు నెలలు దాటిన రోగులందరికీ వీటిని తప్పనిసరి పద్ధతుల్లో చేర్చాయి. జెల్ ఉన్న రకమైతే సైట్ కనిపిస్తుంది. జెల్ మీద వేలితో మెల్లగా నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచి ఉందంటే అది తడి పీల్చి నిండిపోయింది, మార్చాలి. స్పాంజి బిళ్ల రకమైతే సైట్ కనిపించదు, తాకి నొప్పి ఉందేమో అడగాలి. ఏదైనా సరే, ఇది ఉంది కదా అని రుద్దడం, ఆరనివ్వడం తగ్గించకూడదు.

ఆయింట్‌మెంట్ గురించి అడిగారు. సైట్ మీద యాంటీబయాటిక్ పూస్తే కాండిడా లాంటి శిలీంధ్రాలు పెరగడానికి, మందులకు లొంగని బాక్టీరియా పుట్టడానికి దారి తీస్తుంది. జిడ్డు వల్ల ఫిల్మ్ కూడా నిలవదు. డయాలసిస్ క్యాథెటర్లకు మాత్రం మినహాయింపు ఉంది, అక్కడ కొన్ని ఆయింట్‌మెంట్లు సిఫార్సులోనే ఉన్నాయి. ఆ యూనిట్ నుంచి వచ్చినవారు ఈ అలవాటును ఐసీయూకు తెస్తుంటారు.

ఎర్రదనాన్ని ఎలా చదవాలి

దాని ఆకారం చూడండి. డ్రెస్సింగ్ ఎంత మేర ఉందో అంతే మేర, అదే చతురస్రంలో ఎర్రగా, దురదగా ఉంటే అది జిగురు ఒంటికి పడకపోవడమో, ఆరని మందు చేసిన పనో. జెల్ ప్యాడ్ ఆకారంలోనే ఉంటే క్లోర్‌హెక్సిడిన్ మీద అనుమానం. సైట్‌ను కేంద్రంగా చేసుకుని చుట్టూ రెండు సెంటీమీటర్ల లోపు ఎర్రబడి, గట్టిపడి, నొక్కితే నొప్పి ఉంటే సైట్ ఇన్ఫెక్షన్ అనుకోవాలి, చీము ఉంటే ఇక సందేహమే లేదు. చర్మం కింద సొరంగంలా వేసిన లైన్లలో ఆ దారి వెంబడి రెండు సెంటీమీటర్లు దాటి ఎర్రదనం పాకితే అది ఇంకా తీవ్రమైనది, వెంటనే డాక్టర్‌ను పిలవండి. కీమోథెరపీ వల్ల తెల్లకణాలు పడిపోయిన రోగుల్లో చీము పట్టే శక్తే శరీరానికి ఉండదు. వాళ్లకు డ్రెస్సింగ్ మీద నుంచి నొక్కినప్పుడు వచ్చే నొప్పి ఒక్కటే సూచన కావచ్చు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇంకో పక్కన, సైట్ అద్దంలా ఉన్నంత మాత్రాన లైన్ బాగున్నట్టు కాదు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరిన చాలా కేసుల్లో సైట్ మామూలుగానే ఉంటుంది. నాకు బాగా గుర్తున్న ఒక రోగికి సైట్ ఎంత శుభ్రంగా ఉందంటే కొత్తవాళ్లకు చూపించి నేర్పవచ్చు. కానీ లైన్ ఫ్లష్ చేసిన (సెలైన్ నెట్టి లోపల కడిగిన) కాసేపటికి ప్రతిసారీ మంచం కదిలేలా వణుకు, ఆ వెంటనే జ్వరం. రెండు సార్లు అలా జరిగాక డ్యూటీలో ఉన్న నర్సు సమయాలు పక్కపక్కన రాసి చూపించింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే లైన్ నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి బ్లడ్ కల్చర్ (సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే రక్త పరీక్ష) తీశారు. లైన్ నుంచి తీసినది రెండోదానికంటే రెండు గంటలో, అంతకంటే ఎక్కువో ముందుగా పాజిటివ్ అయితే లైనే మూలమని అర్థం. ఆ రోగికి అలాగే అయింది. లోపలి దారి అంటే అది.

హబ్

అందుకే డ్రెస్సింగ్ గురించి అడిగినా హబ్ గురించి చెప్పకుండా వదలలేను. డ్రెస్సింగ్ వారానికి ఒకసారి తెరుస్తాం, హబ్‌ను రోజుకు పదుల సార్లు. మందు ఎక్కించే ప్రతిసారీ, ఫ్లష్‌కు ముందు, మళ్లీ మందుకు ముందు, 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తోనో క్లోర్‌హెక్సిడిన్ ఆల్కహాల్‌తోనో హబ్ మీద ఉండే కనెక్టర్ ముఖం, చుట్టూ మరలు గట్టిగా రుద్దాలి. ఐదు నుంచి పదిహేను సెకన్లు అంటారు, నేను కొత్తవాళ్లకు పదిహేనే చెబుతాను, ఎందుకంటే పదిహేను చెబితే ఎనిమిది చేస్తారు. ఇక్కడా ఆరాలి. ఒకసారి తుడిచినట్టు తాకించి సిరంజి పెట్టేయడం రుద్దడం కాదు.

రక్తం తీశాక కనెక్టర్‌లో ఎర్రటి గీత మిగిలితే అది బాక్టీరియాకు ఆహారం. పది మిల్లీలీటర్ల సిరంజితో సెలైన్‌ను ఆగి ఆగి నెట్టుతూ ఫ్లష్ చేయండి. అప్పటికీ పోకపోతే కనెక్టర్ మార్చండి. రోజూ కనెక్టర్ మార్చడం మాత్రం మంచిది కాదు, విప్పిన ప్రతిసారీ దారి తెరిచినట్టే. రక్తం, కొవ్వు ఎక్కించిన సెట్లను 24 గంటలు దాటి ఉంచకూడదు. ప్రొపొఫాల్ అనే మత్తు మందు సెట్లను 6 నుంచి 12 గంటల్లో మార్చాలి. అది కొవ్వులో కలిపిన మందు, అందులో బాక్టీరియా చాలా వేగంగా పెరుగుతుంది.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు

రోజూ ఉదయం రౌండ్లలో “ఈ లైన్ ఇంకా అవసరమా?” అని ఎవరో ఒకరు అడగాలి. డాక్టర్ అడగకపోతే మీరే అడగండి, కొత్తగా చేరినవారు అడగకూడదని ఎక్కడా రాసి లేదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనోవోస్ట్ బృందం వందకు పైగా ఐసీయూల్లో చేసిన పని 2006లో ప్రచురితమైంది. వాళ్లు కొత్త మందేమీ కనిపెట్టలేదు. చేతులు కడగడం, లైన్ వేసేటప్పుడు పూర్తి స్టెరైల్ రక్షణ (గౌను, గ్లవ్స్, రోగి మీద పెద్ద గుడ్డ), క్లోర్‌హెక్సిడిన్, వీలైనంతవరకు తొడ నరం వాడకపోవడం, అవసరం తీరిన లైన్లు తీసేయడం, ఈ ఐదే. మూడు నెలల్లో వెయ్యి క్యాథెటర్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైన్ ఉంటే ఒక క్యాథెటర్ రోజు) ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు 2.7 నుంచి సున్నాకు వచ్చింది. ఆ ఐదింటిలో చివరిదే వార్డుల్లో అన్నిటికంటే ముందు మరుగున పడేది. ఐదు రోజుల క్రితం బీపీ మందులు ఆగిపోయిన రోగికి “ఉండనివ్వండి, మళ్లీ నరం దొరకదేమో” అని లైన్ ఉంచేస్తారు. రెండు చేతులకూ మంచి నరాలు కనిపిస్తున్నప్పుడు కూడా. నియమం ప్రకారం ఇన్ని రోజులకు లైన్ మార్చాలనేది కూడా లేదు. అవసరమున్నంత కాలం అదే ఉండవచ్చు, అవసరం లేని మరుక్షణం తీసేయాలి.

మీ వార్డులో ఇద్దరు సీనియర్ల మధ్య మీరు తీర్పు చెప్పనక్కర్లేదు. షిఫ్టు మొదట్లో ఆ రోగి డ్రెస్సింగ్ నాలుగు అంచులూ, గొట్టం బయటికి వచ్చే చోటూ చూసి, సెంటీమీటర్ల అంకెతో సహా చార్టులో రాయండి. “శుభ్రంగా ఉంది” అని కాకుండా “కింది అంచు లేచింది, మార్చాను” అని రాస్తే తర్వాత వచ్చేవారికి పనికొస్తుంది. ఒకే రోగికి మూడు రోజుల్లో మూడు సార్లు అదే అంచు లేస్తే అది రోగి తప్పు కాదు, మీ తప్పూ కాదు. డ్రెస్సింగ్ రకమో, పరిమాణమో, గొట్టాలు కట్టిన తీరో మార్చమని ఆ చార్టు చూపించి అడగండి.

లైన్ తీసే రోజు వచ్చినప్పుడు రోగిని చదునుగా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమనో వదలమనో చెప్పి తీయాలి, కూర్చోబెట్టి తీస్తే గాలి నరంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. రక్తం ఆగేదాకా నొక్కి, గాలి చొరబడని డ్రెస్సింగ్ వేసి కనీసం 24 గంటలు ఉంచండి. తీసిన క్యాథెటర్ చివర తెగకుండా మొత్తం వచ్చిందో లేదో చూడండి. జ్వరం లేని రోగి క్యాథెటర్ కొనను కల్చర్‌కు పంపే అలవాటు మీ దగ్గర ఉంటే మానేయమనండి. చర్మం మీది బాక్టీరియా అందులో పెరిగి, లేని ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ మొదలవుతుంది.